పాత లారీ కొనుగోలులో ఇంజిన్ ఉష్ణోగ్రత పరీక్ష

పాత లారీ బేరానికి వెళ్లినవారు టైర్లు చూస్తారు, చాసిస్ కింద దూరి తుప్పు చూస్తారు, ఫిట్‌నెస్, పర్మిట్ కాగితాలు తిరగేస్తారు. ఇంజిన్ దగ్గరికొచ్చేసరికి సెల్ఫ్ కొట్టి, శబ్దం విని, పొగ రంగు చూసి సరిపెట్టుకుంటారు. కొన్న తర్వాత ఎక్కువ ఖర్చు పెట్టించేవాటిలో ముందు వరసలో ఉండేది మాత్రం ఇంజిన్ వేడే. హెడ్ గాస్కెట్ పోవడం, హెడ్ పగలడం, పిస్టన్ పట్టేయడం, ఇంజిన్ ముందుగానే బోరుకు రావడం వంటివి చాలావరకు వేడి అదుపు తప్పడంతోనే మొదలవుతాయి.

నీళ్లతో చల్లబడే లారీ డీజిల్ ఇంజిన్లలో కూలెంట్ వేడి మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఆయిల్ వేడి దానికంటే మరికొంత ఎక్కువ. నిండు లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు కూలెంట్ 100 డిగ్రీల దరిదాపుకు వెళ్లి, పైకి చేరాక మళ్లీ దిగిరావడం మంచి ఇంజిన్‌లోనూ జరుగుతుంది. ఏ ఇంజిన్‌కు ఎంత వేడి సహజమో నిర్ణయించేది అందులోని థర్మోస్టాట్. టాటా, కమ్మిన్స్ సంస్థలు 1993లో ఉమ్మడిగా స్థాపించిన కంపెనీ జంషెడ్‌పూర్‌లో తయారుచేసిన 5.9 లీటర్ల 6బీటీ ఇంజిన్‌నే తీసుకుంటే, దాని థర్మోస్టాట్ సుమారు 83 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై 95 దగ్గర పూర్తిగా తెరుచుకుంటుంది. ఈ ఇంజిన్ ఉన్న బండి ఖాళీగా పోతూ 85 చూపిస్తే అది ఆరోగ్యం. అదే బండి మే నెల మధ్యాహ్నం గంటసేపు నడిచినా 60 దాటకపోతే అదీ జబ్బే. కొనేవారిలో చాలామంది ఈ రెండోదాన్ని పట్టించుకోరు. ముల్లు కిందనే ఉందని సంతోషిస్తారు.

వేడి దారి

డీజిల్‌ను మండిస్తే వచ్చే శక్తిలో 35 నుంచి 40 శాతం మాత్రమే బండిని నడిపే పనికి దక్కుతుంది. మిగిలినదాంట్లో పెద్ద వాటా సైలెన్సర్ గుండా పొగతో పోతుంది. మొత్తం శక్తిలో 20 నుంచి 30 శాతం దాకా కూలెంట్‌లోకి చేరుతుంది. అంటే 100 కిలోవాట్ల శక్తినిచ్చే ఇంజిన్ ఎత్తు ఎక్కుతున్నంతసేపూ దాదాపు అందులో సగానికి పైగా వేడిని రేడియేటర్ గాలిలోకి వదులుతూ ఉండాలి. వాటర్ పంపు నీటిని తిప్పడం, ఫ్యాను గాలిని లాగడం, రేడియేటర్ గొట్టాలు తెరుచుకుని ఉండడం, మూత ఒత్తిడిని ఆపడం – వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా లెక్క తప్పుతుంది.

తొలినాటి మోటారు వాహనాల్లో నీరు వేడెక్కి పైకి, చల్లబడి కిందికి తనంతట తానే తిరిగేది. విల్‌హెల్మ్ మేబాక్ 1900 ప్రాంతంలో మెర్సిడెస్ కారుకు రూపొందించిన తేనెపట్టు రేడియేటర్‌తో తక్కువ నీటితో ఎక్కువ వేడిని వదిలించడం సాధ్యమైంది. నేడు లారీల్లో కనిపించే మైనపు థర్మోస్టాట్ 1930 దశకంలో వచ్చింది. చిన్న ఇత్తడి డబ్బీలో మైనం ఉంటుంది. అది కరిగి ఉబ్బినప్పుడు కడ్డీని తోసి వాల్వ్‌ను తెరుస్తుంది, చల్లబడితే స్ప్రింగు మూసేస్తుంది. ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో దాని అంచు మీదనే ముద్రించి ఉంటుంది. అనుమానమొస్తే విప్పి, గిన్నెలో నీళ్లు పోసి దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచి చూడవచ్చు. ఇంతకంటే చవకైన పరీక్ష లారీ మొత్తంలో మరొకటి లేదు.

రేడియేటర్ మూతను చాలామంది వట్టి మూతగానే చూస్తారు. నిజానికి అదొక ఒత్తిడి వాల్వ్. సముద్రమట్టం దగ్గర మూత తీసిన పాత్రలో నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. సగం బార్ ఒత్తిడి ఆపగలిగే మూత బిగిస్తే అది 111 దాకా మరగదు. ఒక బార్ మూతతో 120 వరకూ ఆగుతుంది. మూత రబ్బరు చెడితే ఈ వెసులుబాటంతా పోతుంది. అరకు వంటి ఎత్తు ప్రదేశాల్లో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక అక్కడ చెడిన మూత మరింత త్వరగా బయటపడుతుంది.

మీటరు ముల్లు చెప్పే సాక్ష్యం

బేరంలో అమ్మేవారు వేలు పెట్టి చూపించేది మీటరు ముల్లునే. దాన్ని నమ్మడానికి ముందు అది ఎలా పనిచేస్తుందో తెలియాలి. ఇంజిన్‌లో బిగించిన సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది, ముల్లు పైకి లేస్తుంది. తీగ తెగితే ముల్లు కిందే ఉండిపోతుంది. తీగ బాడీకి తగిలితే ఒక్కసారిగా పైకి పోతుంది. మధ్యలో చిన్న రెసిస్టర్ కలిపితే అసలు వేడికంటే తక్కువ చూపిస్తుంది. దీనికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు కనుక, డ్యాష్‌బోర్డు వెనక టేపు చుట్టిన కొత్త తీగ ఏదైనా కనిపిస్తే ఎందుకని అడగాలి.

మోసం లేకపోయినా ముల్లు పొరపాటు చెప్పగలదు. ఈ కాలపు మీటర్లు చాలావాటిలో కూలెంట్ 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ముల్లు నడిమధ్యే నిలిచేలా చేస్తారు. డ్రైవరు ప్రతి చిన్న కదలికకూ కంగారుపడకూడదన్నది తయారీదారుల ఉద్దేశం. బేరానికి వెళ్లినవారికి మాత్రం దానివల్ల నష్టమే. ఇంజిన్ తన మామూలు హద్దును పది డిగ్రీలు దాటినా ముల్లు కదలదు. కదిలేసరికి ఆలస్యమైపోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మరొకటుంది. సెన్సర్ నీటిలో మునిగి ఉన్నంతవరకే నీటి వేడిని చెబుతుంది. లీకై నీరు మట్టం తగ్గిపోయి సెన్సర్ గాలిలో మిగిలితే, ఇంజిన్ మండిపోతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. ఎత్తు ఎక్కుతుండగా ముల్లు ఎగబాకి, బండి తేలికపడకుండానే హఠాత్తుగా పడిపోతే వేడి తగ్గిందని అనుకోకూడదు. బండి ఆపి ఇంజిన్ కట్టేయాలి.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, అంటే తుపాకీలా గురిపెట్టి వేడి చూసే పరికరం, ఇప్పుడు ఆటోనగర్ దుకాణాల్లో తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని థర్మోస్టాట్ హౌసింగ్ మీద గురిపెట్టాలి. మెరిసే అల్యూమినియం మీద నేరుగా చూస్తే చాలా తక్కువ చూపిస్తుంది. అక్కడ నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద చూస్తే నమ్మదగిన అంకె వస్తుంది. లోహం పైభాగం లోపలి నీటికంటే కొన్ని డిగ్రీలు చల్లగానే ఉంటుందని గుర్తుంచుకోవాలి. రేడియేటర్ పైన, కింద ట్యాంకుల మీద చూసిన అంకెల తేడా కూడా పనికొస్తుంది. లోడు మీద ఆ తేడా సుమారు 6 నుంచి 10 డిగ్రీలుంటే మామూలే. తేడా మరీ ఎక్కువైతే నీరు మెల్లగా తిరుగుతోందని, పంపు అరిగిందో గొట్టాలు పూడుకున్నాయో అని అనుమానించాలి. ఇంజిన్ వేడిగా ఉండి కూడా తేడా ఏమీ లేకపోతే గాలి అందడం లేదని అర్థం.

చల్లటి ఇంజిన్

పరీక్షంతా చల్లటి ఇంజిన్‌తోనే మొదలవ్వాలి. తాము వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని ముందురోజే చెప్పాలి, చెప్పినా వెళ్లగానే క్యాబిన్ టిల్ట్ చేయించి బ్లాకు మీద చెయ్యి వేసి చూడాలి. పొద్దున్నే ఏడింటికి ఇంజిన్ గోరువెచ్చగా ఉంటే ఎవరో ముందే తిప్పారన్నమాట. దానికి మంచి కారణమే ఉండవచ్చు. అయినా ఆ రోజు పరీక్ష వాయిదా వేసుకోవడమే మేలు, ఎందుకంటే కొన్ని రోగాలు బయటపడేది మొదటి పది నిమిషాల్లోనే.

చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి చూడాలి. వేడి ఇంజిన్ మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి నీరు ఆవిరై ఎగజిమ్ముతుంది. అలా ముఖం, చేతులు కాల్చుకున్న క్లీనర్లు ప్రతి లారీ అడ్డాలోనూ కనిపిస్తారు. మూత తీశాక చూడాల్సింది నీటి మట్టం కంటే నీటి రంగు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం ఏదైనా సరే స్వచ్ఛమైన రంగులో ఉంటే కూలెంట్ పోస్తున్నారని తెలుస్తుంది. ఇటుక రంగు నీరు తుప్పుకు గుర్తు. పైన నూనె తెట్టు తేలుతుంటే ఆయిల్ కూలరో హెడ్ గాస్కెట్టో లీకవుతోంది. అడుగున పసుపు పేరుకుని ఉంటే రేడియేటర్ లీకును పసుపుపొడి వేసి ఆపారన్నమాట. దారిలో చిక్కుకున్న డ్రైవరు ఇల్లు చేరడానికి అది పాత ఉపాయమే, దాన్ని తప్పుపట్టలేం. కానీ లీకు కంతను మూసిన పసుపు రేడియేటర్ సన్నగొట్టాలనూ మూస్తుంది.

తర్వాత డిప్‌స్టిక్. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు అందులో కలిసింది. ఆ రంగు లేదని ఊరట పడనక్కరలేదు, నిన్ననే ఆయిల్ మార్చి ఉండవచ్చు. ఆయిల్ పోసే మూత అడుగున, ఫిల్లరు గొట్టంలో తెల్లటి జిగురు ఉందేమో చూడాలి. వానాకాలంలో తక్కువ దూరాలు తిరిగే బండిలో కొద్దిపాటి తేమ ఆ మూత కింద చేరుతుంది కనుక ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పకూడదు.

వాటర్ పంపు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగినప్పుడు నీరు బేరింగులోకి పోకుండా బయటికి కారడానికే దాన్ని పెట్టారు. కారిన కూలెంట్ ఎండి ఆ రంధ్రం కింద తెల్లగానో పచ్చగానో చారలు కడుతుంది. బండిని ప్రెషర్ వాష్ చేయించి, ఇంజిన్‌కు రంగు కొట్టించి నిలబెట్టినా ఆ మూలకు చెయ్యి అందదు, చార అలాగే మిగిలిపోతుంది. టార్చి వేసి అక్కడే ఓ నిమిషం చూడడం మంచిది. హెడ్ బోల్టుల మీద కొత్త స్పానర్ గీతలు, హెడ్ అంచున ఉబికిన గాస్కెట్ పేస్టు కనిపిస్తే హెడ్ ఈమధ్యే విప్పారని తెలుస్తుంది. విప్పడం నేరమేమీ కాదు. ఎందుకు విప్పారో, హెడ్‌ను లేత్ మీద ఎన్నిసార్లు చదును చేయించారో అడిగి, బిల్లు చూపమనాలి.

స్టార్ట్ చేసిన మొదటి నిమిషాలు

రేడియేటర్ మూత తీసి ఉంచే స్టార్ట్ చేయించవచ్చు, ఇంజిన్ చల్లగా ఉన్నంతవరకే. నీటిలో బుడగలు ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ పెరుగుతుంటే సిలిండర్‌లోని గ్యాసు నీటిలోకి చొరబడుతోంది. మొదట్లో లోపల చిక్కుకున్న గాలి కొన్ని బుడగలుగా రావడం మామూలే, అవి ఆగిపోతాయి. మూత బిగించి స్టార్ట్ చేస్తే మరో గుర్తు దొరుకుతుంది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే రేడియేటర్ పై హోసు గట్టిపడితే, నీరు వేడెక్కి ఉబ్బడానికి ఇంకా సమయం ఉంది కనుక ఆ ఒత్తిడి సిలిండర్ నుంచే వస్తోంది. ఖరారు చేసుకోవాలంటే నీలిరంగు రసాయనంతో చేసే పరీక్ష ఉంది. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా పంపితే కార్బన్ డయాక్సైడ్ తగిలి రంగు మారుతుంది.

ఈ దశలో అన్నిటికంటే ఎక్కువ చెప్పేది పై హోసే. థర్మోస్టాట్ బాగుంటే ఇంజిన్ వేడెక్కుతున్నా ఆ హోసు చాలాసేపు చల్లగానే ఉంటుంది. ఇంజిన్ 80 దాటాక వాల్వ్ తెరుచుకుని, ఒకటి రెండు నిమిషాల్లో హోసు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. స్టార్ట్ చేసినప్పటి నుంచీ హోసు కొద్దికొద్దిగా వేడెక్కుతూ వస్తే వాల్వ్ తెరుచుకునే ఇరుక్కుపోయింది, లేదా అసలు లోపల వాల్వే లేదు. ఇంజిన్ 95 దాటినా హోసు చల్లగానే ఉంటే మూసుకుపోయి ఇరుక్కుంది. వెంటనే కట్టేయాలి. చెయ్యి పెట్టేటప్పుడు ఫ్యానుకు, బెల్టుకు దూరంగా, లుంగీ, తువ్వాలు వేలాడకుండా చూసుకోవాలి.

విస్కస్ ఫ్యాను ఉన్న బండి రాత్రంతా నిలిచి ఉంటే, పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు హోరుమంటుంది. లోపలి సిలికాన్ ద్రవం సర్దుకున్నాక శబ్దం తగ్గుతుంది. ఇది లోపం కాదు. ఇంజిన్ బాగా వేడెక్కాక మళ్లీ ఆ హోరు రావాలి. వేడి ఇంజిన్‌ను కట్టేసి ఫ్యానును చేత్తో తిప్పితే బరువుగా కదలాలి, గిరగిరా తిరిగితే ఫ్యాను క్లచ్ పోయింది. కొందరు దీన్ని బాగుచేయించకుండా బోల్టులు వేసి డైరెక్ట్ చేసేస్తారు. వేడి సమస్య తీరినట్టే కనిపిస్తుంది కానీ ఫ్యాను ఎల్లవేళలా ఇంజిన్ వేగంతో తిరుగుతూ డీజిల్ తాగుతుంది. ఫ్యానుకు పట్టే శక్తి దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి.

లోడు మీద ట్రయల్

నిలబెట్టి ఇంజిన్ ఎంతసేపు తిప్పినా అది పరీక్ష కిందికి రాదు. ఐడిల్‌లో డీజిల్ ఇంజిన్ చాలా తక్కువ ఇంధనం మండిస్తుంది, కొన్ని బండ్లు అలా గంట నిలబెట్టినా తమ సహజ వేడికి చేరవు. సగం పూడుకున్న రేడియేటర్ కూడా ఆ కాస్త వేడిని సునాయాసంగా వదిలేస్తుంది. యార్డులో ఇంజిన్ తిప్పి చూపి ‘చూడండి, ముల్లు కదలదు’ అనే అమ్మకందారు అబద్ధమాడడం లేదు, చూపించేది చాలదు అంతే.

బండికి లోడు వేసి, ఎత్తున్న దారిలో లాగించాలి. ఉత్తరాంధ్రలో ఈ విషయం ఎవరికీ చెప్పనక్కర్లేదు. లారీలకు పేరుమోసిన సాలూరు దాటగానే 26వ జాతీయ రహదారి సుంకి మీదుగా ఒడిశాలోకి ఎక్కుతుంది. ఆ ఘాట్ ఎక్కని బండి రాయ్‌పూర్ దారికి పనికిరాదు. విజయవాడ, హైదరాబాద్ ఆటోనగర్లలో కొనేవారికి అంత ఎత్తు అందుబాటులో ఉండదు. అక్కడ నిండు లోడుతో, తక్కువ గేరులో, అరగంటకు తగ్గకుండా నడిపితే కొంతవరకు సరిపోతుంది. మొదట పది పదిహేను నిమిషాల్లో 80 చేరాలి. సమతల దారిలో నిలకడగా ఉండాలి. ఎత్తులో పెరిగినా, ఎత్తు తీరాక కొద్ది నిమిషాల్లోనే పాత చోటికి దిగాలి. పెరగడం కంటే దిగకపోవడమే ఎక్కువ అనుమానించాల్సిన లక్షణం. ఇంజిన్ కట్టేసిన తర్వాత కొన్ని డిగ్రీలు పెరగడం సహజం, నీటి ప్రవాహం ఆగినా లోహంలో వేడి మిగిలే ఉంటుంది కనుక.

ట్రయల్ ఏ కాలంలో చేశామన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అసలు కీలకం అక్కడే ఉంది. రేడియేటర్ వదిలే వేడి కూలెంట్‌కు, బయటి గాలికి మధ్య తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95, గాలి 25 డిగ్రీలైతే తేడా 70. రెంటచింతలలోనో రామగుండంలోనో వేసవిలో గాలి 45కు చేరితే తేడా 50 మాత్రమే. అదే రేడియేటర్, అదే ఫ్యాను ఇప్పుడు సుమారు 30 శాతం తక్కువ వేడిని వదులుతాయి. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుని, ఫ్యాను పూర్తి వేగం అందుకున్నాక ఇక ఇంజిన్ చేతిలో ఉపాయాలేమీ మిగలవు. అక్కడి నుంచి బయటి గాలి ఒక డిగ్రీ పెరిగితే కూలెంట్ కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది.

అందుకే డిసెంబరులో 25 డిగ్రీల వాతావరణంలో ఘాట్ మీద 98 చూపించిన బండిని మంచిదనుకుని కొంటే, మే నెలలో అదే ఘాట్ మీద, అదే లోడుతో అది 115 దాటవచ్చు. చలికాలంలో ట్రయల్ చేసినప్పుడు తేలిన గరిష్ఠ వేడికి, వేసవి గాలికి అప్పటి గాలికి మధ్య ఉన్న తేడాను కలుపుకుని చూడాలి. వచ్చిన అంకె మూత ఆపగలిగే మరుగు స్థానానికి దగ్గరగా ఉంటే ఆ రేడియేటర్‌కు పని పడినట్టే. ఎండాకాలం మధ్యాహ్నం ట్రయల్‌కు ఒప్పుకున్న అమ్మకందారు నిజంగా తన బండి మీద నమ్మకం ఉన్నవాడు.

గాలి దారిని కూడా ఓసారి చూడాలి. బాడీ కట్టించేటప్పుడు ముందు గ్రిల్‌కు అదనపు జాలీలు, లైట్లు, పేర్ల బోర్డులు బిగించడం మనకు అలవాటు. ముచ్చట బాగానే ఉంటుంది కానీ రేడియేటర్‌కు చేరాల్సిన గాలి అంతమేర తగ్గుతుంది. ఊక, పత్తి, బొగ్గు రవాణా చేసే బండ్లలో రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము గట్టిగా మేటవేస్తుంది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ముందుంటే దానికీ రేడియేటర్‌కూ మధ్య సందులో చేరిన చెత్త బయటికి కనిపించదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరైంది. అవి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వచ్చేసరికి ఏసీ కండెన్సర్ కూడా ఈ పరిశీలనలో చేరుతుంది. ఏసీ ఉన్న బండికి ట్రయల్ ఏసీ వేసే చేయాలి.

వాల్వ్ తీసేసిన బండ్లు

బండి హీటెక్కుతోందని తీసుకెళ్తే థర్మోస్టాట్ వాల్వ్ పీకి పారేసి పంపే అలవాటు మన మెకానిక్కుల్లో బలంగా ఉంది. ‘మన ఎండలకు వాల్వ్ ఎందుకు’ అన్నది వారి వాదన. కొన్ని ఇంజిన్లలో దీనివల్ల వేడి తగ్గిన మాట నిజమే. అయితే చాలా ఇంజిన్లలో రేడియేటర్‌కు పోకుండా నీటిని అడ్డదారిలో మళ్లించే బైపాస్ దారిని మూసేది కూడా ఆ వాల్వే. దాన్ని తీసేస్తే నీటిలో కొంత భాగం ఎప్పటికీ రేడియేటర్ ముఖం చూడదు. లోడు మీద బండి మునుపటికంటే ఎక్కువ వేడెక్కుతుంది.

వేడెక్కకపోయినా చల్లగా నడవడం కూడా ఇంజిన్‌ను తినేస్తుంది. చల్లటి సిలిండర్ గోడల మీద డీజిల్ పూర్తిగా మండక ఆయిల్‌లోకి జారి దాన్ని పలుచన చేస్తుంది. తేమ ఆవిరి కాక మిగులుతుంది. డీజిల్‌లోని గంధకం ఆ తేమతో కలిసి ఆమ్లమై లైనర్లను కొరుకుతుంది. బీఎస్-3 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 350 దాకా ఉండేది. బీఎస్-4లో 50కి, బీఎస్-6లో 10కి తగ్గింది కనుక ఈ ఆమ్లం బెడద ఇప్పుడు చిన్నదే. ఆయిల్ పలచబడడం, మైలేజీ తగ్గడం, రింగులు అరగడం మాత్రం తగ్గలేదు. చల్లగా నడిచే బండికి ధర తగ్గించి అడగడం న్యాయమే, కాకపోతే కొత్త వాల్వ్ వేసి మళ్లీ ట్రయల్ చేసిన తర్వాతే. ఆ వాల్వ్ దేన్ని దాచడానికి తీశారో అప్పుడే తెలుస్తుంది.

బోరు నీళ్లు, కూలెంట్

తెలుగు నేల మీద నీరు గడ్డకట్టదు, కూలెంట్ దండగ అనే మాట అడ్డాల్లో తరచూ వినిపిస్తుంది. సగం నీరు, సగం గ్లైకాల్ ఉన్న మిశ్రమం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదన్నది మనకు అక్కర్లేని గుణమే. మనకు కావలసినవి వేరే రెండున్నాయి. మూత లేకుండానే 107 డిగ్రీల దాకా మరగకపోవడం ఒకటి, తుప్పును ఆపే రసాయనాలు రెండోది.

నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో బోరు నీరు ఎంత కఠినమో అక్కడి గిన్నెల అడుగు చూస్తే తెలుస్తుంది. ఆ నీటినే ఏళ్ల తరబడి రేడియేటర్లో పోస్తే సిలిండర్ల చుట్టూ సున్నపు పొర కడుతుంది. పోత ఇనుముతో పోలిస్తే ఆ పొర గుండా వేడి పదిరెట్లకు పైగా మెల్లగా పోతుంది. ఇక్కడొక చిక్కుంది. మీటరు కొలిచేది నీటి వేడిని. పొర మందమయ్యేకొద్దీ లోహం వేడెక్కుతుంది, నీరు మాత్రం మామూలుగానే ఉండవచ్చు. హెడ్ పగిలేదాకా ముల్లు నడిమధ్యే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి ట్రయల్ చాలదు. మూత తీసి రేడియేటర్ గొట్టాల కొనలు చూడాలి, వీలైతే థర్మోస్టాట్ హౌసింగ్ విప్పించి లోపలి గోడ మీద గోరుతో గీరి చూడాలి. తెల్లటి పెంకు ఊడివస్తే ఆ ఇంజిన్ ఎప్పుడూ కూలెంట్ చూడలేదు.

నీరు లైనర్‌ను నేరుగా తాకే తడి లైనర్ ఇంజిన్లలో మరో నష్టం ఉంది. పిస్టన్ తాకిడికి లైనర్ కంపిస్తే దాని బయటి గోడ మీద సూక్ష్మమైన ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి. వాటి దెబ్బకు లైనర్‌కు గుంటలు పడి, చివరికి సన్నటి రంధ్రమై నీరు సిలిండర్‌లోకి, ఆయిల్‌లోకి చేరుతుంది. సరైన కూలెంట్‌లోని రసాయనాలు లైనర్ మీద రక్షణ పొర కడతాయి. ఉట్టి నీళ్లకు ఆ గుణం లేదు.

కొత్తతరం ఇంజిన్లు

దేశమంతటా బీఎస్-4 నిబంధన 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 నిబంధన 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. ఈ బండ్లలో వేడి సంగతి కంప్యూటర్‌కు తెలుసు కనుక కొనేవారు దాన్నే అడగాలి. భారీ వాహనాలు మాట్లాడే జే1939 ప్రమాణంలో 110వ సంఖ్య కూలెంట్ వేడిది. ఆ సంఖ్యతో దాచిన లోపం కోడ్ ఉంటే గతంలో వేడి హద్దు దాటిందనో, సెన్సర్ చెడిందనో తెలుస్తుంది. కార్లకు వాడే చవక స్కానర్లు చాలావరకు లారీల మీద పనిచేయవు. లారీ స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్లాలి. కోడ్‌లేమీ లేకపోవడమూ ఒక వార్తే. బేరానికి ముందు చెరిపేసి ఉంటే కంప్యూటర్ స్వీయ పరీక్షలు ఇంకా పూర్తికాలేదని చూపిస్తుంది.

ఈ ఇంజిన్లలో కొన్నిటికి పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్ ఉంటుంది. అది లోపల లీకైతే బయట చుక్క కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది. హెడ్ గాస్కెట్ పోయిందని తొందరపడి హెడ్ విప్పించే ముందు దీన్ని చూపించుకోవాలి. పొగ ఫిల్టరులో చేరిన మసిని కాల్చుకునే సమయంలో ఫ్యాను హోరు పెరగడం, సైలెన్సర్ దగ్గర విపరీతమైన వేడి పుట్టడం లోపాల కిందికి రావు.

బేరం

తేలిన లోపాలన్నీ ఒకే బరువున్నవి కావు. మూత, బెల్టు, హోసులు, థర్మోస్టాట్, సెన్సర్ చిల్లర ఖర్చులు. వాటి కోసం మంచి బండిని వదులుకోనక్కర్లేదు. వాటర్ పంపు, ఫ్యాను క్లచ్, రేడియేటర్ కోర్ మార్పు మధ్యస్థమైన ఖర్చులు, ముందే మెకానిక్‌తో ధర కట్టించి బేరంలో తగ్గించుకోవచ్చు. నీటిలో గ్యాసు, ఆయిల్‌లో నీరు, లోపల సున్నపు పెంకు కనిపిస్తే ఖర్చు ఎక్కడ ఆగుతుందో హెడ్ విప్పేదాకా మెకానిక్‌కే తెలియదు. అటువంటి బండిని ఇంజిన్ లేని బండి ధరకు ఇస్తే తీసుకోవాలి, లేకపోతే లేదు.

ఫైనాన్స్ కంపెనీలు స్వాధీనం చేసుకుని యార్డుల్లో నెలల తరబడి నిలబెట్టిన లారీలకు ఈ పరీక్షలు చాలావరకు కుదరవు. బ్యాటరీ ఉండదు, ట్రయల్‌కు బయటికి వదలరు, నిలిచిన నీరు పంపు సీలును, రేడియేటర్‌ను ఎంత తినేసిందో పైకి కనపడదు. అక్కడ వేలం పాడేవారు కూలింగ్ వ్యవస్థ మొత్తం మార్చే ఖర్చును ముందే లెక్కలో వేసుకుని పాడాలి. బండి తిరిగే స్థితిలో ఉండి, కాగితాలు సరిగ్గా ఉండి కూడా చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి లోడు మీద అరగంట నడిపి చూడడానికి యజమాని ఒప్పుకోకపోతే, ఎంత తక్కువ ధర చెప్పినా ఆ బండిని కొనవద్దు.